దీపం పట్టిన చేతికి పెన్సిలే తోడు

స్కూలు పుస్తకంలో ఆ బొమ్మ చూడనివాళ్లు మనలో తక్కువ. చీకటి వార్డు, వరసగా మంచాలు, వాటి మధ్య దీపం పట్టుకుని మెల్లగా నడిచొస్తున్న ఓ సన్నటి మనిషి... ఫ్లోరెన్స్ నైటింగేల్! నర్సు అనగానే ముందు గుర్తొచ్చే పేరు.

అయితే దీపం పట్టుకుని ఆమె తిరిగింది రెండేళ్ల లోపే. బతికింది మాత్రం తొంభై ఏళ్లు! యుద్ధం నుంచి ఇల్లు చేరేనాటికి వయసు 36. మరి మిగతా 54 ఏళ్లు ఏం చేసింది? ఈ ప్రశ్న చాలామందికి తట్టదు. పాఠం అక్కడితో అయిపోతుంది కదా!

అసలు కథ మొదలయ్యేది అక్కడే. అందరి రోగాలకీ సేవ చేసిన ఆ మనిషి తనే రోగి అయింది. నెలా రెణ్ణెల్లు కాదు, దశాబ్దాల తరబడి. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు. దాని పేరేంటో ఆ రోజుల్లో ఏ డాక్టరూ తేల్చలేకపోయాడు. ఆమె చేసిన పెద్ద పనుల్లో చాలాభాగం ఆ జబ్బుతోనే, మంచం మీదో సోఫాలోనో వెనక్కి వాలి, చేతిలో పెన్సిలుతో చేసినవే.

కలవారింటి పిల్ల

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టిందామె. పుట్టిన ఊరి పేరే పెట్టారు. అంతకు ముందు ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకి ఆ ఊరి పాత గ్రీకు పేరు, పార్థినోప్ అని పెట్టారు. తండ్రి విలియం నైటింగేల్ బాగా ఆస్తిపరుడు. ఇంగ్లండులో డెర్బీషైర్‌లో ఒకటి, హాంప్‌షైర్‌లో ఒకటి, రెండు పెద్ద ఇళ్లు. ఆడపిల్లలకి చదువెందుకనే ఆ కాలంలో కూతుళ్లిద్దరికీ తనే కూచోబెట్టుకుని గ్రీకు, లాటిన్, చరిత్ర చెప్పాడాయన. చిన్నమ్మాయికి లెక్కలంటే ప్రాణం.

పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనని సేవకి పిలిచాడని ఆమెకి గట్టిగా అనిపించింది. కొన్నాళ్లకి నర్సునవుతానంది. ఇంట్లోవాళ్ల గుండెలు గుభేలుమన్నాయి! ఆసుపత్రి నర్సులంటే తాగుబోతులు, దిక్కులేనివాళ్లు అని పేరున్న రోజులవి. తల్లీ అక్కా ససేమిరా అన్నారు. రిచర్డ్ మాంక్‌టన్ మిల్న్స్ అనే కవి, పార్లమెంటు సభ్యుడు ఆమె కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఆమెకీ ఆయనంటే ఇష్టమే. అయినా పెళ్లయితే తన పని సాగదని 1849లో వద్దనేసింది.

ఆ ఏళ్లలో ఆమెని బాగా కుంగదీసిన సంగతి ఒకటుంది. ఇంట్లో ఆడదాని సమయానికి విలువ లేకపోవడం! ఎవరు ఎప్పుడు పిలిచినా లేవాలి. చుట్టాలొస్తే పక్కన కూచుని నవ్వాలి. మగవాడు గది తలుపేసుకుంటే పనిలో ఉన్నాడంటారు. ఆడది వేసుకుంటే ఏమొచ్చింది ఈవిడకి అంటారు. ఈ ఉక్రోషమంతా ఓ పెద్ద వ్యాసంగా రాసుకుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో జబ్బుపడ్డ స్త్రీల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి పెద్ద దిక్కయింది. తండ్రి మెత్తబడి ఏడాదికి 500 పౌన్లు ఇచ్చే ఏర్పాటు చేశాడు. అప్పటికామెకి 33 ఏళ్లు.

క్రిమియా అంటించిన జ్వరం

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. యుద్ధ శాఖ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకి స్నేహితుడు. ఆయన కోరిక మీద 38 మంది నర్సులతో బయల్దేరి, నవంబరు 4న టర్కీలోని స్కూటరికి చేరింది. అక్కడి సైనిక ఆసుపత్రి పేరుకే ఆసుపత్రి. కింద మురుగు, లోపల కంపు, ఎలుకలు, మార్చుకోవడానికి గుడ్డల్లేవు. తూటా దెబ్బలతో పోయినవాళ్లకంటే విరేచనాలతో, జ్వరాలతో పోయినవాళ్లే చాలా ఎక్కువ. ఆమె వంటశాల పెట్టించింది, చాకిరేవు పెట్టించింది, రాత్రిళ్లు దీపంతో తిరిగింది. 1855 మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చి మురుగు తోడించి, గాలి ఆడేట్టు చేశాకే చావులు బాగా తగ్గాయి.

ఆ మే నెలలో సముద్రం దాటి బాలక్లావాలోని ఆసుపత్రులు చూడ్డానికి వెళ్లింది. అక్కడే జ్వరం పడింది. రెండు వారాలు చావుబతుకుల మధ్య ఉంది. జుట్టు కత్తిరించేశారు. ఇంటికెళ్లిపొమ్మని అందరూ చెప్పినా వినలేదు. యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉండి, 1856 ఆగస్టులో మారుపేరుతో చడీచప్పుడు లేకుండా ఇంగ్లండు చేరింది. ఊరేగింపులు ఆమెకి గిట్టవు.

లేవలేని రోజులు

ఇల్లు చేరినా ఆమెకి మనసు కుదురుగా లేదు. అంతమంది కుర్రాళ్లు ఎందుకు పోయినట్టు? సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వెయ్యమని పట్టుబట్టి 1857లో వేయించింది. విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి లెక్కలు తీసింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే పరిసరాల మురికి ఎందర్ని పొట్టనపెట్టుకుందో ఆ అంకెలు చెప్పాయి. వాటిని దాచలేదు. మంత్రులకి కూడా అర్థమయ్యేలా రంగుల బొమ్మల్లో వేసి చూపించింది. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో మొదటి స్త్రీ ఆమే.

ఆ పని మధ్యలోనే, 1857 ఆగస్టులో, కుప్పకూలిపోయింది. గుండె దడ, ఆయాసం, తిండి చూస్తే వికారం, నిద్రపట్టకపోవడం, తలనొప్పి, ఏడుపొచ్చేంత దిగులు. ఇక ఎన్నాళ్లో బతకదని అందరూ అనుకున్నారు. ఆమె కూడా తను పోయాక ఏం చెయ్యాలో రాసి పెట్టుకుంది. పోలేదు. 1861 డిసెంబరులో మరీ పెద్ద దెబ్బ. వెన్నుపూసలో భరించలేని నొప్పి. ఆ తర్వాత దాదాపు ఆరేళ్లు నడక లేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్లాల్సి వచ్చేది.

ఇది నాటకమా?

ఈ ప్రశ్న ఆమెని బతికుండగానూ వదల్లేదు, పోయాకా వదల్లేదు. అంత పని చేస్తోంది కదా, అంత జబ్బయితే ఎలా రాస్తోంది? చుట్టాల్ని తప్పించుకోడానికి వేసిన ఎత్తు కాదూ? అంతా నరాల బలహీనత, మనసులోని రోగం... ఇలా జీవితచరిత్రలు రాసినవాళ్లలోనూ కొందరన్నారు.

1995లో డేవిడ్ యంగ్ అనే పరిశోధకుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆమె లక్షణాలన్నీ వరసగా పెట్టి చూపించారు. ఇది బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ముదిరి దీర్ఘవ్యాధిగా మారిన తీరుకి బాగా సరిపోతోందని రాశారు. జబ్బు పశువులనుంచి, ముఖ్యంగా కాచని పచ్చిపాలద్వారా మనుషులకి అంటుకునే సూక్ష్మజీవివల్ల వస్తుంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. కీళ్లూ వెన్నూ పట్టేస్తాయి. మనిషిని నీరసం, దిగులు ఆవరిస్తాయి. ఆ సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూస్ మాల్టాలో కనిపెట్టింది 1887లో. అది మేకపాలద్వారా వస్తోందని తేలింది 1905లో. అంటే ఆమె మంచం పట్టిన 1857లో ఏ డాక్టరైనా దాన్ని ఎలా పట్టుకోగలడు? పరీక్ష లేదు, మందూ లేదు. ఇన్నేళ్ల తర్వాత రక్తపరీక్ష చెయ్యలేం కాబట్టి ఇది అంచనాయే. కానీ పేరు తెలియనంతమాత్రాన జబ్బు లేనట్టు కాదని చెప్పడానికి ఆ అంచనా చాలు.

బలాన్ని పొదుపుగా

జబ్బు పోదని అర్థమయ్యాక ఆమె ఏం చేసింది? ఉన్న బలమెంతో చూసుకుని, ఇల్లాలు జీతం డబ్బు పంచుకున్నట్టు దాన్ని పంచుకుంది. వీలుకాని పనులు తీసి పక్కన పెట్టేసింది. విందుల్లేవు, సభల్లేవు, పరామర్శకొచ్చే చుట్టాల్లేరు. ఎంత గొప్పవాళ్లొచ్చినా ముందు కబురు పెట్టి రావాలి. ఒక్కసారికి ఒక్కరే. ఆ పూట ఒంట్లో బాగాలేకపోతే వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లాల్సిందే.

డాక్టర్ జాన్ సదర్లాండ్ ఏళ్ల తరబడి ఆమెతో పనిచేశారు. ఆయనకి చెవుడు. ఆమెకి గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. ఇద్దరూ చీటీలమీద రాసుకునేవాళ్లు! ఆయన కింది గదిలో, ఆమె పైగదిలో... చీటీలు మెట్లెక్కి దిగేవి. మంచం చుట్టూ కాగితాలు, చేతిలో పెన్సిలు. ఒళ్లు సహకరించినంతసేపు రాత, లేకపోతే విశ్రాంతి. 1865 నుంచి చివరిదాకా లండన్‌లో సౌత్ స్ట్రీట్ ఇంట్లోనే ఉంది. వెలుతురు బాగా వచ్చే గది, పూలు, బోలెడు పిల్లులు. పిల్లులు కాగితాలమీద నడిచిన గుర్తులు కొన్ని ఉత్తరాలమీద ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడా పాత వ్యాసం గుర్తు తెచ్చుకోండి. ఒంట్లో బాగున్న రోజుల్లో తలుపేసుకునే హక్కు లేదని ఏడ్చిన పిల్ల, మంచం పట్టాకే ఆ హక్కు సంపాదించుకుంది! జబ్బు మంచిదని కాదు. ఆడదాని పనికి గౌరవం ఇవ్వని ఇల్లు ఆమె రోగానికి మాత్రం దారి వదిలింది. ఆ దారినే ఆమె పనికి వాడుకుంది.

ఆ గదిలోంచి ఎన్నెన్ని కదిలాయో చూడండి. 1859లో ఆసుపత్రుల కట్టడంమీద పుస్తకం, ఆ వెంటనే నర్సింగుమీద పుస్తకం. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి. ప్రజలు ఆమె పేరుమీద పోగుచేసిన నిధితోనే మొదలైంది. మొదటి జట్టు 15 మంది. 1865లో లివర్‌పూల్‌లో బీదల ఆసుపత్రికి చదువుకున్న నర్సులు వెళ్లారు. ఇవన్నీ ఉత్తరాలతోనే నడిపింది.

రోగికే తెలిసిన సంగతులు

నర్సింగుమీద ఆమె రాసిన పుస్తకం అసలు ఇళ్లల్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ల కోసం. అందులో గాలి, వెలుతురు, శుభ్రం గురించి ఉందని అందరికీ తెలుసు. కానీ కొన్ని సంగతులు రోగిగా పడుకున్నవాళ్లే రాయగలరు.

రోగి గుమ్మం బయట నించుని గుసగుసలాడొద్దంటుంది. వినబడీ వినబడని మాట ఎంత కలతపెడుతుందో పడుకున్నవాళ్లకే తెలుసు. వెనకనించి మాట్లాడొద్దు, ఎదురుగా కూచోండి, తల తిప్పే శ్రమ కూడా వాళ్లకి శ్రమే. గుమ్మంలో నించుని వెళ్తూ వెళ్తూ ప్రశ్నలెయ్యొద్దు. ఏం ఫరవాలేదు, ఇట్టే తగ్గిపోతుంది అని పైపై ధైర్యాలు చెప్పొద్దు, అవి రోగిని ఒంటరిని చేస్తాయి. ఒకే గోడ నెలల తరబడి చూడ్డం ఎంత నరకమో ఆలోచించమంటుంది. కిటికీ దగ్గరకి జరపండి, ఓ పువ్వు పెట్టండి, రంగుల వస్తువేదైనా కంటికెదురుగా ఉంచండి. ఏళ్లతరబడి మంచంలో ఉన్నవాళ్లకి చిన్న పెంపుడు జంతువు చక్కని తోడంటుంది. ఖర్చు లేని పనులే ఇవన్నీ. ఇవాళ మన ఇంట్లో కూడా పనికొస్తాయి.

ఆమెలోని కరకుదనం

అన్నీ మంచి మాటలే చెప్పి ఊరుకుంటే ఆమెకి న్యాయం చేసినట్టు కాదు. తన బలం లెక్కచూసుకున్న మనిషి పక్కవాళ్ల బలం లెక్క చూడలేదు! సిడ్నీ హెర్బర్ట్‌కి మూత్రపిండాల జబ్బు ముదిరింది. డాక్టర్లు పని మానెయ్యమన్నారు. సైన్యం సంస్కరణ పూర్తి చెయ్యకుండా ఎలా మానేస్తారని ఆమె ఆయన్ని వదల్లేదు. 1861 ఆగస్టు 2న యాభయ్యేళ్లకే ఆయన పోయారు. ఆమె కుమిలిపోయింది. ఆ నవంబరులో మరో సహాయకుడు, కవి ఆర్థర్ క్లఫ్ కూడా పోయారు. సొంత సంసారం వదిలి తనకి సాయంగా ఉన్న మేనత్త మై 1860లో భర్తా పిల్లల దగ్గరకి వెళ్లిపోతే, చాలా ఏళ్లు ఆమెని క్షమించలేకపోయింది.

దీర్ఘరోగి ఉన్న ఇంట్లో ఇది ఎంత మామూలు సంగతో అనుభవించినవాళ్లకి తెలుసు. రోగికి కోపాలుంటాయి. చూసుకునేవాళ్లకీ ప్రాణముంటుంది. సేవ గురించి ప్రపంచానికి చెప్పిన మనిషే తనకి సేవచేసేవాళ్ల విషయంలో తడబడిందంటే, మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది? అందుకే చూసుకునేవాళ్లు ఒక్కరే అయితే కష్టం. ఇంట్లో నలుగురూ వంతులేసుకోవాలి.

మన కరువు కూడా ఆ గదిలోకి వచ్చింది

ఆమె ఏనాడూ ఇండియా రాలేదు. ఆరోగ్యం రానివ్వలేదు. కానీ 1859 నుంచి ముప్ఫయ్యేళ్లకి పైగా ఇండియా ఆమె మంచం దిగలేదనే చెప్పాలి. ఇక్కడి సైనిక స్థావరాలకి ప్రశ్నపత్రాలు పంపించి, వచ్చిన జవాబుల కట్టలు పడుకునే చదివింది. 1863లో వచ్చిన ఆ నివేదిక రెండు వేల పేజీలు దాటింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారని, దానికి కారణం చెడ్డ నీళ్లు, మురుగు అని అందులో తేల్చారు. అదే ఏడాది వైస్రాయిగా బయల్దేరేముందు జాన్ లారెన్స్ ఆమె గదికొచ్చి మాట్లాడి వెళ్లారు.

మొదట ఆమె ఆలోచన సైనికుల గురించే. ఊళ్లో నీళ్లు బాగుపడకుండా సైనికుడు బాగుండడని తెలిశాక రైతు దగ్గరికి వచ్చింది. 1876-78లో మన రాయలసీమతో సహా మద్రాసు రాజధాని అంతా కరువుతో అల్లాడింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేది దాన్నే. లక్షలమంది పోయారు. ఆ వార్తలు ఆమెకి నిద్రపట్టనివ్వలేదు. రైతు అప్పులగురించి, వడ్డీవ్యాపారుల గురించి, ఉప్పుపన్నుగురించి 1878లో ఓ పత్రికలో ఘాటుగా రాసింది. కరువుకి మందు నీటిపారుదలేనని నమ్మింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. కాలవలకి డబ్బు దండగన్న పెద్దమనుషులకి ఎదురుగా ఆయన పక్షాన నిలబడింది. గోదావరి నీళ్లు తాగినవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లెందరు?

ముసలితనంలో తేరుకుని

విచిత్రం ఏమిటంటే అరవై దాటాక ఆమెకి కాస్త నెమ్మదించింది. వెన్నునొప్పి తగ్గింది. మనిషి మెత్తబడింది. అంతకుముందే, 1874లో తండ్రి పోయాక, కళ్లు పోయి మతి తప్పిన తల్లిని 1880లో ఆవిడ పోయేదాకా దగ్గరుండి చూసుకుంది. ఒకప్పుడు నర్సు కానివ్వనని అడ్డంపడిన తల్లే మరి! కీళ్లవాతంతో మంచం పట్టిన అక్క పార్థినోప్‌కీ 1890 వరకూ తోడుంది. నర్సింగు బడి పిల్లల్ని టీకి పిలిచి, పేరుపేరునా మంచీచెడ్డా అడిగేది. 1892లో, 72 ఏళ్ల వయసులో, బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్యం గురించి చెప్పే ఆడవాళ్లని తయారుచేసే పథకం నడిపించింది.

1901 నాటికి చూపు పోయింది. పెన్సిలు ఆగింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి స్త్రీ అయింది. 1910 ఆగస్టు 13న నిద్రలో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామంటే ఇంట్లోవాళ్లు వద్దన్నారు. హాంప్‌షైర్‌లోని పల్లె చర్చి దగ్గర, అమ్మానాన్నల పక్కనే ఉంది. రాయి మీద పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, రెండు తేదీలు, అంతే!

మన ఇంట్లో ఆ మంచం

ఆమెకి డబ్బుంది, నౌకర్లున్నారు, తండ్రి అమర్చిన ఇల్లుంది. మన ఇళ్లల్లో సుగరుతోనో, కీళ్లవాతంతోనో, థైరాయిడ్‌తోనో బాధపడే ఇల్లాలికి అవి లేవు. ఆమె తలుపేసుకుంటే పొయ్యి వెలగదు. కాస్త పడుకుంటే, లేచి తిరిగితే అదే పోతుందని అనే నోళ్లకి కొదవ లేదు. చూడ్డానికి బాగానే ఉందిగా అనే మాట మరీ గుచ్చుకుంటుంది. అందుకే నైటింగేల్‌లా పనిచెయ్యమని రోగులకి చెప్పడం కాదు ఈ కథ ఉద్దేశం. ఒంట్లో బాగాలేదన్న మాటని నమ్మమని పక్కవాళ్లకి చెప్పడం. మందులు డాక్టరు చూస్తారు. రోజులో ఓ గంట ఎవరూ పిలవని గంటగా ఇవ్వడం మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది.

మే 12న ప్రపంచమంతా నర్సుల దినం జరుపుకుంటారు. అదే రోజుని మరికొందరు కూడా తమ రోజుగా ఎంచుకున్నారు. ఎంత పడుకున్నా తీరని నీరసం, ఒళ్లంతా నొప్పులు, పరీక్షల్లో ఏమీ కనబడక నలుగురిచేతా అనుమానాలు పడేవాళ్లు... వాళ్ల అవగాహన దినం కూడా ఆమె పుట్టినరోజే. ఈసారి మే 12 వచ్చినప్పుడు, మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటివాళ్లుంటే ఓసారి వెళ్లండి. గుమ్మంలో నించుని పలకరించకండి. ఎదురుగా కూచుని, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.